పన్నెండో తరగతి తరువాత: కువైట్ కాలేజీలో ఒక పూట

మే నెల వచ్చిందంటే అబ్బాసియా, సాల్మియా, ఫహాహీల్‌లలోని మన యిళ్ళలో మాటలు మారిపోతాయి. వూరికి టిక్కెట్లు ఎప్పుడు కొంటే చవక, బంగినపల్లి మామిడి ఏ దుకాణంలో దిగింది అన్న ప్రసంగాలు వెనక్కి పోయి, "మీ అమ్మాయికి పన్నెండు అయిపోయింది కదండీ, ఎక్కడ చేరుస్తున్నారు?" అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. 1959లో పుట్టిన ఇండియన్ కమ్యూనిటీ స్కూలు మొదలుకొని యిప్పటి సి.బి.ఎస్.ఇ. బళ్ళ దాకా, పన్నెండో తరగతి వరకూ మన పిల్లలకు యిక్కడ లోటు లేదు. ఆ పైన దారి ఒక్కసారిగా యిరుకైపోతుంది.

డాక్టరీ చదవదలచిన పిల్లలకు కొంత వెసులుబాటు వచ్చింది. 2021లో నీట్ పరీక్షకు ఇండియా బయట మొట్టమొదటి కేంద్రం పెట్టినది కువైట్‌లోనే. ఆ రోజు ఎంబసీ గేటు దగ్గర తల్లిదండ్రుల ముఖాలు చూసినవారెవరూ దాన్ని మరిచిపోరు. కాని పిల్లలందరూ డాక్టర్లు కానక్కరలేదు. (డాక్టర్లమై యీ మాట అంటున్నందుకు మా యింట్లోనే అభ్యంతరం వున్నది.) మా మిత్రులొకరి పెద్దమ్మాయి తనకు డిజైనింగు చదవాలని వున్నదని తేల్చి చెప్పింది. తండ్రిగారు చమురు కంపెనీలో ఇంజనీరు. ఆయనకు అమ్మాయిని యిక్కడే వుంచుకోవాలని. తల్లిగారికి విజయవాడలో పుట్టింటివారి దగ్గరుంచి చదివించాలని. మధ్యవర్తులుగా మమ్మల్ని పిలిచారు. ఏదో ఒక కాలేజీ కళ్ళతో చూస్తే గాని మాట తెగదని, ఒక గురువారం పొద్దున్నే అందరం కలిసి బయలుదేరాము.

వెళ్ళేముందు యీ దేశపు చదువుల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. షువైక్‌లో సముద్రానికి దగ్గరగా 1953లో ఒక పెద్ద సెకండరీ స్కూలు వెలిసింది. వసతిగృహాలు, మసీదు, ఆటస్థలాలతో అది స్కూలులా గాక ఒక చిన్న వూరిలా వుండేదట. ఆ ఆవరణ తరువాత విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. కువైట్ విశ్వవిద్యాలయం ప్రారంభమైనది 1966 నవంబరు 27న. మొదటి యేడు విద్యార్థులు 418 మంది, అధ్యాపకులు 31 మంది. మన వైద్యవృత్తికి సంబంధించిన విభాగం 1973లో ఏర్పడింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చాక యీ తరగతి గదుల్లోనూ, గ్రంథాలయాల్లోనూ మిగిలినది తక్కువ. ఆ రోజుల్లో అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో వెళ్ళిన లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్లో చదువు మధ్యలో ఆగిన పిల్లలెందరో. వాళ్ళలో కొందరు యిప్పుడు మన సంఘంలోనే పెద్దవాళ్ళు. అడిగితే ఏ పరీక్ష ఎగిరిపోయిందో యిప్పటికీ చెబుతారు. 1991 ఫిబ్రవరిలో విముక్తి తరువాత అన్నీ మళ్ళీ కట్టుకున్నారు. 2019 నుండి విశ్వవిద్యాలయం కళాశాలలు ఒక్కొక్కటిగా షదాదియాలోని కొత్త నగరానికి తరలిపోయాయి. అక్కడ విదేశీయుల పిల్లలకు దొరికే సీట్లు బహు కొద్ది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనే పద్ధతి వున్నది. 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జోలియట్ వూళ్ళో మొదలైన ఆ రకం కాలేజీల్లో రెండేళ్ళు చదివి డిప్లొమా పుచ్చుకొని పనిలో చేరవచ్చు, లేదా పెద్ద యూనివర్శిటీలో పైతరగతికి పోవచ్చు. మన పాలిటెక్నిక్కులకు దూరపు చుట్టం అనుకోండి. కువైట్‌లో ఆ పనిని ముఖ్యంగా చేసేది 1982లో ఏర్పడ్డ ప్రభుత్వ అనువర్తిత విద్యా శిక్షణ సంస్థ. సాంకేతికం, వ్యాపారం, ఆరోగ్యశాస్త్రాలు, ప్రాథమిక విద్య, నర్సింగు అన్నీ దాని కిందివే. అందులో చేరేది దాదాపుగా కువైటీ పిల్లలే. ఫీజు లేదు సరికదా, చదువుకుంటున్నందుకు ప్రభుత్వమే నెలకు 200 దినార్లు యిస్తుంది. మన విద్యార్థి రోజుల్లో మెస్సు బిల్లు కట్టడానికి మనియార్డరు కోసమో, బాంకులో డబ్బు పడటం కోసమో ఎదురుచూసినవారు యీ వాక్యాన్ని మరోసారి చదువుకోవచ్చు.

2000లో 34వ నంబరు చట్టం వచ్చి ప్రైవేటు కాలేజీలకు తలుపు తెరిచింది. 2002లో గల్ఫ్ యూనివర్శిటీ, ఆ తరువాత సాల్మియాలో అమెరికన్ యూనివర్శిటీ, మిష్రెఫ్ వైపు ఆస్ట్రేలియన్ కాలేజీ, 2007లో అబూహలీఫాలో ఆడపిల్లలకే ప్రత్యేకంగా బాక్స్‌హిల్ కాలేజీ వచ్చాయి. 2015లో కెనడాలోని ఆల్గాంక్విన్ కాలేజీ జహ్రా దగ్గర శాఖ తెరిచింది. చివరి రెండింటి మాతృసంస్థలూ ఆయా దేశాల్లో మనం చెప్పుకున్న రకం కాలేజీలే. వీటిలో మనవాళ్ళ పిల్లలు చేరవచ్చు. డబ్బు మాట తరువాత చెబుతాము.

మేము వెళ్ళిన కాలేజీ పేరు యిక్కడ రాయడం లేదు, ప్రకటనలా వుంటుందని. ఫహాహీల్ రోడ్డు మీద కారులో వెళుతుంటే ఆకాశం, నేల ఒకే రంగులో వున్నాయి, దుమ్ము లేచింది. ఆవరణలో మొదట కనబడినది కార్ల తోట. రేకుల నీడలో వందల కార్లు. మా కాలేజీలో ప్రిన్సిపాలుగారి అంబాసిడరును చూసి పక్కకు తప్పుకున్నవాళ్ళం, పద్ధెనిమిదేళ్ళ పిల్లలు దిగే బళ్ళు చూసి కాసేపు నిలబడిపోయాము. లోపలికి అడుగు పెట్టగానే చలి. మే నుండి అక్టోబరు దాకా యీ దేశంలో కాలేజీ జీవితమంతా నాలుగు గోడల మధ్యనే. చెట్టు కింద కూర్చోవడం, కాంటీను గట్టు మీద వాదించుకోవడం లాంటివి యిక్కడ ఏసీ నడవాల్లో జరుగుతాయి. గాజు గోడల పక్కన సోఫాలు, కాగితపు కప్పుల్లో కరక్ టీ, మధ్యాహ్నపు నమాజుకు మెల్లగా ఖాళీ అయ్యే బల్లలు. రంజాను నెలలో ఆ టీ కూడా పగటిపూట వుండదు. తరగతుల వేళలు తగ్గిపోతాయి.

ఆడపిల్లలకు, మగపిల్లలకు తరగతులు వేరు. 1996లో పార్లమెంటు చేసిన చట్టం కువైట్ విశ్వవిద్యాలయానికి వర్తించగా, 2000 చట్టం ప్రైవేటు వాటికీ అదే షరతు పెట్టింది. 2015లో రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు వచ్చిన సవాలు కూడా నిలవలేదు. అంతకు ముందు చాలా యేళ్ళు అక్కడ అందరూ కలిసి చదువుకున్నవారే. మా మిత్రుని శ్రీమతికి యీ వేర్పాటు కొంత ధైర్యమిచ్చింది, అమ్మాయి మాత్రం "బడిలో పన్నెండేళ్ళు కలిసే చదివాం కదమ్మా, యిప్పుడేమయింది?" అన్నది. సమాధానం ఎవరి దగ్గరా లేదు.

అసలు మేము చూడదలచుకున్నది విద్యార్థి సేవల విభాగం. రిజిస్ట్రేషను కిటికీ దాటి లోపలికి వెళితే వరుసగా గదులు. ఒకదానిలో ఇంగ్లీషు, లెక్కలు వెనుకబడిన పిల్లలకు అదనపు పాఠాలు. అరబ్బీ మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి యేడు చాలావరకు ఇంగ్లీషుతోనే సరిపోతుందట. మన పిల్లలు యిందులో ఒక అడుగు ముందుంటారు, అరబ్బీలో నాలుగడుగులు వెనుకుంటారు. ఇంకొక గదిలో సలహాదారులు. ప్రతి విద్యార్థికీ ఒకరు. ఏ పాఠ్యాంశం ఎప్పుడు తీసుకోవాలో, ఏది వదిలితే నష్టం లేదో చెబుతారు. చూపు, వినికిడి లోపాలున్నవారికి, చదవడంలో యిబ్బంది వున్నవారికి పరీక్షలో అదనపు సమయం. ఒక నర్సు గది. రక్తపోటు యంత్రం, చక్కెర చూసే యంత్రం రెండూ బల్ల మీదనే వున్నాయి. మధుమేహం యింత ఎక్కువగా వున్న దేశంలో అది ఆశ్చర్యమేమీ కాదు. విద్యార్థి సంఘాల గోడమీద రంగు కాగితాలు. 1964లో పుట్టిన కువైట్ విద్యార్థుల జాతీయ సంఘం ఎన్నికలను యిక్కడివారు దేశ రాజకీయాల నాడిలా చూసేవారు. మన ఆంధ్రా, ఉస్మానియా యూనివర్శిటీల పాత రోజులు గుర్తుకు వస్తాయి. విదేశీ పిల్లలకు యీ హోరులో పాత్ర తక్కువ. వాళ్ళకు క్రికెట్టు, ఫొటోగ్రఫీ క్లబ్బులున్నాయి.

చివరి గది కౌన్సిలరుది. ఆమె లెబనాన్ దేశస్థురాలు. మేము డాక్టర్లమని తెలిసి కొంచెం చనువుగా మాట్లాడింది. ఆమె దగ్గరకు వచ్చే పిల్లలు మొదట చెప్పేది తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం. ఎవరూ "దిగులుగా వుంది" అని తలుపు తట్టరు. మూడోసారి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. విదేశీ పిల్లల్లో ఆమె ఎక్కువగా చూసే దిగులు ఒక రకమైనదట: పుట్టి పెరిగినది యిక్కడ, ఈ దేశం తమది కాదు, పాసుపోర్టు మీద వున్న దేశంలో నెల రోజుల సెలవు తప్ప గడిపినది లేదు. 2020 మార్చిలో కాలేజీలు మూసి పాఠాలన్నీ కంప్యూటరు తెర మీదకు వెళ్ళిన తరువాత యిలా వచ్చేవారు పెరిగారని కూడా చెప్పింది. మా క్లినిక్కులో మేము చూసేదీ యిదే. పదిహేడేళ్ళ పిల్లను తల్లి తీసుకొచ్చి "ఏమీ తినడం లేదండి, విటమిను డి తక్కువైనట్టుంది" అంటుంది. డి విటమిను యీ ఎండల దేశంలో నిజంగానే తక్కువగా వుంటుంది, ఎందుకంటే ఎండలోకి ఎవరూ పోరు. మాత్రలు రాసి పంపితే పది నిమిషాల్లో పని అయిపోతుంది. తల్లిని బయట కూర్చోబెట్టి పిల్లతో మాట్లాడితే నలభై నిమిషాలు పడుతుంది.

మేము చదువుకున్న రోజుల్లో హాస్టలులో యిటువంటి గది ఒకటి వుంటుందని వూహించను కూడా లేదు. పరీక్ష తప్పిన సీనియరొకడు గది తలుపు వేసుకుని మూడు రోజులు బయటకు రాకపోతే, వాడి పక్క గదివాళ్ళు, మెస్సులో వంట చేసే సుబ్బయ్య, వీళ్ళే కౌన్సిలర్లు. వాడు యిప్పుడు మంచి సర్జను. కాని అందరికీ పక్క గదివాళ్ళు దొరకరు. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, వందమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలరో, మనస్తత్వ నిపుణుడో వుండాలన్నది. కోచింగు సెంటర్లకూ, హాస్టళ్ళకూ నియమాలు పెట్టింది. విజయవాడలోనో, హైదరాబాదులోనో పిల్లలను చేర్చబోయే సభ్యులు ఫీజు, ర్యాంకులు అడిగిన తరువాత యీ ఒక్క ప్రశ్న కూడా అడగండి: ఆ గది ఎక్కడున్నది, అందులో ఎవరున్నారు? గది చూపించమనండి. తాళం వేసి వుంటే సమాధానం దొరికినట్టే.

ఇక డబ్బు. ప్రైవేటు కాలేజీలో యేడాదికి ఖర్చు వేల దినార్లలో వుంటుంది. కువైటీ పిల్లల్లో చాలామందికి ప్రభుత్వ స్కాలర్‌షిప్పు కడుతుంది. మనవాళ్ళకు నాన్నగారి జీతం కడుతుంది. ఇండియాకు పంపితే ఫీజు తగ్గుతుంది గాని, సాధారణంగా ఆరునెలలకు మించి కువైట్ బయట వుంటే ఇకామా రద్దయ్యే నిబంధన వున్నది. సెలవులకు పిల్లలను పిలిపించుకునే తేదీలు దాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. యిక్కడి డిప్లొమా తరువాత ఇండియాలో డిగ్రీకి పోదలచితే అది చెల్లుతుందా లేదా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. కాలేజీ గుమస్తా నోటిమాట చాలదు. మా మిత్రుడు యివన్నీ ఒక కాగితం మీద రెండు గడులుగా రాశాడు. అమ్మాయి ఆ కాగితం తీసుకుని కింద మూడో గడి గీసి "నాకు నచ్చినది" అని పైన రాసింది. సెప్టెంబరులో చేరడానికి ప్రవేశపరీక్ష రాయనిచ్చారు. తల్లిగారు ఒప్పుకున్నారని యింకా చెప్పలేము; ఆ రోజు మాత్రం కాదనలేదు.

బయటకు వచ్చేసరికి పన్నెండున్నర. కార్ల నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒకాయన కూర్చున్నాడు. మా తెలుగు విని లేచి వచ్చాడు. రాయచోటి దగ్గర పల్లె ఆయనది. ఒక కువైటీ యింట్లో డ్రైవరు. యజమాని కూతుర్ని పొద్దున దింపి, తరగతులు అయ్యేదాకా యిక్కడే వుంటాడు. అటువంటివారు ఆ పార్కింగులో పదిమంది దాకా వున్నారు. ఏ బాచికి ఎప్పుడు క్లాసు అయిపోతుందో, ఏ రోజు పరీక్షో రిజిస్ట్రారుకన్న వాళ్ళకే బాగా తెలుసునట.

"మూడేండ్ల నుంచి ఈ గేటు కాడ్నే ఉండా సార్. లోపల ఎట్లుంటాదో చూల్లేదు" అన్నాడు.

ఆయన కూతురు కడపలో పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. ఆయన జీతానికి కుటుంబ వీసా రాదు. పాపను చూసి పద్ధెనిమిది నెలలయింది. లోపల ఏమేమి వున్నాయని అడిగాడు. అదనపు పాఠాల గది, నర్సు గది అన్నీ చెప్పాము. కౌన్సిలరు మాట దగ్గర ఆపాడు.

"ఏం సెప్పుకోవాలన్నా ఇనేదానికే ఒక మనిషిని పెట్టినారా?"

"అవునన్నా, అందుకే."

"మా పాప ఫోన్ చేస్తే 'బాగుండా నాయినా' అంటాది. అంతే. గొంతు యినపడితే తెలిసిపోతాంది గానీ ఈడ్నుంచి నేనేం చేసేది?"

ఇండియా ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ గురించి చెప్పాము. 14416 నంబరుకు ఇండియాలో ఎక్కడినుండైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు, రాత్రి పగలు ఎవరో ఒకరు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన ఫోను తీసి అంకెలు ఒక్కొక్కటే నొక్కుతూ మమ్మల్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. పేరు ఏమని పెట్టుకోవాలని అడిగితే, మా మిత్రుని అమ్మాయి ఫోను తీసుకుని తెలుగులో "పాపకు" అని రాసి యిచ్చింది. ఇంతలో గాజు తలుపులు తెరుచుకుని పిల్లలు గుంపుగా బయటకు వచ్చారు. ఆయన కుర్చీ మడిచి డిక్కీలో పెట్టి, ఏసీ వేసి కారు చల్లబరచడానికి పరుగెత్తాడు.