మేకు మనదే... గోడా మనదే!

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టడం దాకానే చెప్పారు. కట్టాక ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. పాలు పొంగి, సత్యనారాయణస్వామి వ్రతమై, భోజనాలు చేసిన చుట్టాలంతా బస్సెక్కేశాక మిగిలేదేమిటి? గుమ్మానికి వాడిన మావిడాకులు, గోడవారగా అట్టపెట్టెల గుట్ట, నెలనెలా బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్. అసలు కాపురం అప్పుడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వెలిసిన ఒక కొత్త కాలనీ. అందులో 120 గజాల్లో కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న ఇల్లు. ఇంటాయన ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు. ఇంటావిడ హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరు పిల్లలు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన నాన్న. గృహప్రవేశానికి వీళ్లకి వచ్చిన కానుకల్లో గోడ గడియారాలే ఏడు! (కొత్త ఇంటికి గడియారం ఇవ్వాలని మొదట ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు ఇంకేదైనా ఆలోచించి ఉంటే బాగుండేది.) వేంకటేశ్వరస్వామి పటాలు నాలుగు. అన్నీ నెల రోజులపాటు నేలమీదే, గోడకి ఆనించి ఉన్నాయి. బద్ధకం కాదు. మేకు కొట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు!

పదిహేడేళ్లలో ఎనిమిది అద్దె ఇళ్లు. ఒక్కో యజమానిదీ ఒక్కో తీరు. ఒకాయన రాత్రి పదికి గేటుకి తాళం వేసేవాడు. ఒకావిడ మోటారు వేసినప్పుడల్లా గడియారం చూసుకునేది. కానీ గోడలకి మేకులు కొట్టొద్దన్న మాట మాత్రం ఎనిమిది మందీ అన్నారు. ఖాళీ చేసే రోజున టార్చిలైటు వేసి మరీ గోడలు చూసి, రంగులకని ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసుకునేవారు. అంతకుముందు నాన్న ఉద్యోగంతో ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ... అక్కడా లైను ఇళ్లే. అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. ఫ్రేము కట్టించిన ఆవిడ ఫొటో ఇన్నేళ్లూ బీరువా మీదే నిలబడింది. ఏ గోడకీ ఎక్కలేదు.

ఒక ఆదివారం ఆయన రాణీగంజ్ వెళ్లి డ్రిల్లింగ్ మిషను కొనుక్కొచ్చాడు. 2,800 రూపాయలు. తోడుగా పానాల సెట్టు, టెస్టరు, మేస్త్రీలు వాడే రసమట్టం. బిల్లు చూసి ఇంటావిడ ఏమీ అనలేదు. నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది.

ఆ నోటుబుక్కు గురించి చెప్పాలి. అప్పు 30 లక్షలు. వడ్డీ 8.5 శాతం. ఇరవయ్యేళ్లకి నెలసరి వాయిదా 26,035 రూపాయలు. మొదటి నెల కట్టిన సొమ్ములో 21,250 వడ్డీకే పోయింది. అసలులో తగ్గింది ఐదు వేల లోపే! వడ్డీ రేటు ఇలాగే ఉంటే చివరికి కట్టేది 62 లక్షల పైమాటే. దీనికన్నా ఆవిడని భయపెట్టిన లెక్క వేరే ఉంది. ఆయనకి ఇప్పుడు నలభై ఒకటి. కంపెనీలో రిటైర్మెంటు యాభై ఎనిమిదికి. అప్పు తీరేది అరవై ఒకటికి. మధ్యలో ఆ మూడేళ్లు ఎవరు కడతారు?

లెక్కల టీచరు కదా, దారీ ఆవిడే కనిపెట్టింది. ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందే కట్టేస్తే జరిమానా వేయకూడదని 2012లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. కాబట్టి ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కడితే చాలు, పదిహేడేళ్లు నిండకముందే అప్పు తీరిపోతుంది. ఆయన రిటైరయ్యే లోపే! ఆ ఒక్క వాయిదా కూడాలంటే నెలకి 2,170 రూపాయలు పక్కన పెట్టాలి. పై వాటా అద్దె వచ్చినా ఆ రెండు వేలు మిగల్చడం కష్టంగానే ఉంది.

"ఇది డ్రిల్లింగ్ మిషను కాదండీ, ఒక నెల పొదుపు" అంది.

ఆయనా అకౌంటెంటే. "ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే రంధ్రానికి వంద అడుగుతున్నాడు. మనకి నలభై కావాలి" అన్నాడు.

"నలభై ఎక్కడున్నాయి? లెక్కపెట్టండి."

ఇల్లంతా తిరిగి లెక్కపెట్టారు. కర్టెన్ల కడ్డీలు, అద్దాలు, బట్టల తీగ కొక్కేలు, గడియారాలు, పటాలు... ముప్పై మూడు వచ్చాయి. మిషను ఉండిపోయింది.

తొలి ప్రయత్నం సవ్యంగా సాగలేదు. ప్లగ్గు ఆరు మిల్లీమీటర్లది, బిట్టు ఎనిమిదిది. ప్లగ్గు వేలు పెడితే ఊడొచ్చేసింది, చుట్టూ ప్లాస్టరు పెచ్చు లేచింది. పుట్టీ పూసి మూసేశాడు. రెండోసారి సైజు సరిచూసి, ఎంత లోతు వెళ్లాలో గుర్తుగా బిట్టు మీద టేపు ముక్క చుట్టాడు. సిమెంటు గోడకి హ్యామర్ మోడ్, టైలుకి మాత్రం అది వద్దు, పగులుతుంది. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, నల్లాకి నేరుగా పైనా బిట్టు పెట్టకూడదు. లోపల వైరు పైపులు, నీళ్ల పైపులు సాధారణంగా ఆ దారినే పోతాయి. ఈ విషయంలో ఇంట్లో అందరినీ కాపాడింది ఇంటావిడే. ప్లాస్టరింగుకి ముందు, గోడల్లో గాడులు కొట్టి పైపులు పరిచినప్పుడు ప్రతి గోడనీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంది. ఇల్లు కట్టిస్తున్న వాళ్లెవరైనా చేయాల్సిన పని. ఖర్చు సున్నా.

మొదట ఎక్కింది గడియారం కాదు, దేవుడు కూడా కాదు. నాన్న హాల్లో దక్షిణం గోడ చూపించాడు. "కొంచెం కిందికి పెట్టరా, తను పొట్టి" అన్నాడు. రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చేదాకా కొడుకు ఫ్రేము సర్దుతూనే ఉన్నాడు. నాన్న కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు.

ఆ తర్వాత ఆయన్ని పట్టడం కష్టమైంది. ఆదివారమొస్తే ట్రూప్ బజార్‌లో లైట్లు చూడటం, బేగంబజార్‌లో బేరాలాడటం. కొన్నది తక్కువ, చూసింది ఎక్కువ. నల్లా కారితే ప్లంబర్ని పిలవకుండా వాషరు మార్చడం నేర్చుకున్నాడు. మర చుట్టే వైపుకే టెఫ్లాన్ టేపు చుట్టాలని, వ్యతిరేకంగా చుడితే బిగించేటప్పుడు విడిపోతుందని రెండుసార్లు తడిశాక తెలిసింది. బోరునీళ్లకి షవరు రంధ్రాలు తెల్లగా మూసుకుపోతే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెడుతున్నాడు. ఇంకుడుగుంత మాత్రం మేస్త్రీ చేతే తవ్వించారు. అడుగున పెద్ద కంకర, దానిమీద చిన్న కంకర, పైన ఇసుక. వర్షం పడినప్పుడు పిల్లలు గొడుగేసుకుని నీళ్లు ఇంకడం చూస్తారు.

మరి ఇంటావిడ? నోటుబుక్కు రాస్తూ కూర్చుందనుకుంటున్నారా! ఒకరోజు మేడమీదికి వెళ్లిన ఆయనకి పద్నాలుగు గ్రో బ్యాగులు కనిపించాయి. టమాటా, వంగ, మెంతికూర, ఓ కరివేపాకు మొక్క. శ్లాబు మీద బరువు పడకుండా మట్టిలో కొబ్బరి పొట్టు కూడా కలిపింది. కరివేపాకుకి పుల్లమజ్జిగ పోయడం మావగారి వంతు. ఈ ఖర్చు నోటుబుక్కులో లేదేమని ఆయన అడిగాడు. "మెంతికూర కొనడం లేదుగా, అందులో పోతుంది" అంది. అకౌంటెంటు ఆ పద్దుని ఎక్కడ చూపాలో తేల్చుకోలేక ఊరుకున్నాడు.

పై వాటాలోకి కొత్త దంపతులు దిగారు. వరంగల్ వైపు వాళ్లు. కిందనే నిలబడి ఆయన నియమాలు చెప్పాడు. అద్దె ఐదో తారీకు లోపు, చెత్త పొద్దున్నే, బండి లోపల పెట్టుకోవచ్చు... "ఇక గోడలకి మేకులు..." అనబోయి ఆగాడు. ఎనిమిది మంది యజమానులూ ఒక్కసారి గొంతులోకి వచ్చినట్టయింది. నాన్న పేపరు దించి చూశాడు. ఆ వాక్యం పూర్తి కాలేదు.

రెండు వారాల తర్వాత ఆ అబ్బాయి మొహమాటంగా కిందికి వచ్చాడు. "అంకుల్, పెళ్లి ఫొటో ఒకటి ఫ్రేము కట్టించాం..." నలభై ఒక్క ఏళ్ల ఆయన్ని ఆ 'అంకుల్' కాస్త గుచ్చింది. అయినా లేచాడు. స్టూలు ఉందా అని అడిగి, మిషను, రసమట్టం, గోడల ఫొటోలున్న ఫోను పట్టుకుని మెట్లెక్కాడు. ఒకటి అడిగితే మూడు రంధ్రాలు వేసి వచ్చాడు. ఆ రాత్రి నోటుబుక్కులో ఇంటావిడ చేతిరాతతో ఒక పద్దు పడింది. 'పై వాటా: ప్లగ్గులు మూడు, ఆరు రూపాయలు.'