అడకత్తెర

మా అవ్వ మాత్రలు వక్కాకు తిత్తిలోనే ఉండేవి. ఒక అరలో ఆకులు, ఒక అరలో వక్కలు, సున్నం డబ్బా పక్కన కాగితంలో చుట్టిన డెరిఫిలిన్ ఆయాసం మాత్రలు. అడకత్తెరతో వక్కను కొరికినట్టే మాత్రను రెండుగా కొరికేది. పొద్దున ఒక ముక్క, రాత్రికి ఇంకో ముక్క.

మాది కర్నూలు జిల్లా తుగ్గలి వైపు మెట్ట పల్లె. నేను బడికి పోయే 1990లలో మా ఇంట్లో జబ్బుకైనా పెండ్లికైనా గడువు ఒకటే: చెనిక్కాయలు ఇంటికొచ్చే దినం. మా వైపు డబ్బును లెక్క అంటారు. "ఇప్పుడు లెక్క లేదు, కాయలొచ్చినాక చూస్తాం" అనే మాట అప్పులోళ్లకూ, మందులంగడికీ, మా ఫీజులకూ సరిపోయేది. అవ్వకు ఆయాసం ముదిరేదీ అప్పుడే. కాయలు తెంపేటప్పుడు లేచే ఎర్రదుమ్ము, ఆపైన చలి. చేతికి లెక్క అందే నెలలోనే ఆమెకు ఊపిరి అందేది కాదు. దుమ్ములో కూర్చోవద్దని నాయన అరిస్తే, "అయితే కూలోళ్లకు నువ్విస్తావా లెక్క?" అనేది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరుకు ఇవ్వాల్సిందేమీ లేదు. అయితే పత్తికొండ మీదుగా ఇద్దరు బస్సులో పోయి రావాలి, బయట తినాలి, తోడుపోయిన నాయనకు ఆ దినం పని పోతుంది. అందుకే ఊళ్లో సూది డాక్టరే దిక్కు. నడిరేయి లేపినా వచ్చి నరానికి సూది వేసేవాడు. లెక్క అప్పుడే ఇమ్మనేవాడు కాదు, కళ్లం మీదికొచ్చి నాలుగు శేర్ల కాయలు పట్టుకుపోయేవాడు.

మందులంగడిలో మేము నిండు షీటు కొన్నది నాకు గుర్తులేదు. పది మాత్రలు, ఒక్కోసారి నాలుగే. అంగడాయన కత్తిరించి ఇస్తే గడువు తేదీ ఉన్న ముక్క ఆయన దగ్గరే ఉండిపోయేది.

అవ్వ కొరికిన వాటిలో కొన్నిటి మీద 'రిటార్డ్' అని ఉండేది. అదేమిటో చాలా ఏండ్లకు, ఫార్మసీ చదివిన స్నేహితుడు చెబితే తెలిసింది. మందును గంటల తరబడి కొద్దికొద్దిగా వదిలేలా చేసిన మాత్రలవి. కొరికినా నలిపినా ఆ కట్టు తెగి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. అందులోనూ డెరిఫిలిన్ లాంటి థియోఫిలిన్ జాతి మందుకు, మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ నడుమ ఎడం తక్కువ. అవ్వ చేతులు వణికేవి. "గుండె దడదడ కొట్టుకుంటాది" అనేది. మాత్ర వేడి చేసిందనుకుని ఇంకా చిన్న ముక్కలు కోసేది. మేమేమో, అవ్వ ఎంత పొదుపరో అనుకునేవాళ్లం.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికే జనంలో అవ్వా ఉండేది. నాలుగడుగులకోసారి మోకాళ్ల మీద చేతులాన్చి ఆగుతూ, మెరిసే ప్రతి రాయినీ కొంగుకు తుడిచి చూస్తూ.

"వజ్రం దొరికితే ఏం చేస్తావవ్వా?"

"మాత్ర కొరక్కుండా మింగుతా అబ్బయా."

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తర్వాత మా జిల్లాకూ వచ్చింది. పెద్ద జబ్బులకు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా ప్రభుత్వమే కట్టేది. మా వీధిలో ఒకాయన సెంటు భూమి అమ్మకుండా గుండె ఆపరేషన్ చేయించుకుని నడిచి ఇంటికొచ్చాడు. ఊరంతా పోయి చూసొచ్చింది, అది అంత వింత మాకు. అవ్వ ఆరోగ్యశ్రీ కార్డును అటూ ఇటూ తిప్పి, "దీనికి నా మాత్రలొస్తాయా?" అని అడిగింది. రావు, ఆసుపత్రిలో చేరితేనే అన్నాను.

"దానికోసరం యాడ పోయి పడుకుందాం లే" అని కార్డును తిత్తిలో దోపుకుంది.

ఆ అడకత్తెర ఇప్పుడు అమ్మ దగ్గరుంది, వక్కలకు మాత్రమే. అమ్మ బీపీ మాత్రలు నేనే జనఔషధి షాపులో నెలకు సరిపడా తెచ్చిస్తాను. మునుపటిలా ప్రాణం తీసే ధరలేం కావు. మొన్న నెల తిరిగాక చూస్తే పదకొండు మిగిలి ఉన్నాయి.

"ఒళ్లు బాగానే ఉంది గదా అని దినం ఇడిసి దినం ఏసుకుంటున్నా" అంది అమ్మ.