ఒకసారి నొక్కితే ఒక్క తలుపే

కారు కొన్నానని చెప్పగానే మన వాళ్లు అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంతకి? మైలేజీ ఎంత? సన్‌రూఫ్ ఉందా? నాకు మాత్రం నాలుగోది కూడా పడింది. "ఎవరు నడుపుతారు?"

నేనే నడుపుతా. డబ్బులు నావి, ఈఎంఐ నాది, ఆర్సీ మీద పేరు నాది. అయినా ఇంకో ప్రశ్న వెనకాలే వస్తుంది. "ఆడపిల్లకి ఆటోమేటిక్ తీస్కోవచ్చుగా?"

మాది రాజమండ్రి. హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో బ్యాకెండ్ ఇంజినీర్‌ని. 2023లో సెకండ్ హ్యాండ్‌లో పోలో తీసుకున్నా. 2020 మోడల్, టర్బో పెట్రోల్, మాన్యువల్. ఇంజిన్ 999 సీసీనే, సిలిండర్లు మూడే. కానీ 110 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్. ఔటర్ రింగ్ రోడ్డు మీద మూడో గేర్‌లో కొంచెం తొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుంది. 2022లో మన దేశంలో ఈ కారు తయారీ ఆగిపోయింది. అందుకే దీన్ని ఇష్టపడేవాళ్లు ఇప్పుడు మరీ ఎక్కువ ఇష్టపడుతున్నారు.

ఇలాంటి కారు చేతికొస్తే ఎవరికైనా చేతులు దురదపెడతాయి. నాకూ అంతే. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చాప పరుచుకుని, టూల్ కిట్ పెట్టుకుని కూర్చునేదాన్ని. మా వాచ్‌మన్ అన్న మొదటి వారం దూరం నుంచి చూశాడు. రెండో వారం దగ్గరికొచ్చి "ఏం జేస్తున్నరు మేడం, మెకానిక్ దొరకలేదా?" అన్నాడు. మూడో వారం నుంచి టార్చి ఆయనే పట్టుకుంటున్నాడు.

సౌండు కావాలా, సైలెన్స్ కావాలా

మోడిఫికేషన్ అనగానే ఆఫీసులో ఫ్రెండ్స్ చెప్పిన మొదటి మాట ఎగ్జాస్ట్. సైలెన్సర్ మారిస్తే బండి గర్జిస్తుందట. దానికంటే ముందు నేను చట్టం చదివా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 182ఎ అని ఒక సెక్షన్ ఉంది. అనుమతి లేకుండా బండికి మార్పులు చేస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని తేల్చింది.

నేను దానికి రివర్స్‌లో వెళ్లా. బయటికి సౌండు పెంచడం మానేసి లోపల తగ్గించా. నాలుగు డోర్ల ప్యాడ్లూ ఊడదీసి, లోపలి రేకుని శుభ్రంగా తుడిచి, బ్యూటైల్ షీట్లు అంటించి రోలర్‌తో గట్టిగా రుద్దా. రేకు మొత్తం కప్పేయాల్సిన పని లేదు. పావు వంతు కప్పినా దాని అదురు చాలావరకు చస్తుంది. చూసుకోవాల్సింది ఒక్కటే. డోరు అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిని మూసేస్తే వాన నీళ్లు లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది. తారుతో చేసే చౌక షీట్లు కూడా వద్దు. మన ఎండలకి కరిగి కారంతా తారు వాసన వేస్తుంది.

రెండు ఆదివారాలు పట్టింది. తర్వాత తలుపు వేస్తే 'టంగ్' అనేది పోయి 'దబ్' అని వినపడింది. ఆ శబ్దం కోసం ఆ రోజు పదిసార్లు తలుపు వేసి తీశా.

పదిహేను మిల్లీమీటర్లు

తర్వాత టైర్లు. నా కారుకి వచ్చినవి 195/55 ఆర్16. ఈ అంకెల్ని ఎప్పుడైనా విడదీసి చూశారా? టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు. అందులో 55 శాతం, అంటే సుమారు 107 మిల్లీమీటర్లు పక్క గోడ ఎత్తు. 16 అంగుళాలు రిమ్ సైజు.

షాపులో 17 అంగుళాల అల్లాయ్స్ చూపించారు. వాటికి 205/45 టైరు వేస్తే మొత్తం ఎత్తులో తేడా ఒక శాతం కూడా రాదు, స్పీడోమీటర్ దాదాపు కరెక్టుగానే చూపిస్తుంది. చూడ్డానికి అదిరిపోయింది. కానీ లెక్క వేస్తే పక్క గోడ 92 మిల్లీమీటర్లకి పడిపోతోంది. అంటే గుంతకీ రిమ్‌కీ మధ్య ఉండే రబ్బరు 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది. వానాకాలంలో హైదరాబాద్ రోడ్లు చూసినవాళ్లకి ఆ పదిహేను విలువ నేను చెప్పక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్లూ అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అవి 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మా కాలనీలో ఉన్నవి చూస్తే ఆ కాగితం ఇక్కడిదాకా రాలేదని అర్థమవుతుంది. కాబట్టి బండిని కిందకి దించే స్ప్రింగుల ఆలోచన కూడా అక్కడే ఆగిపోయింది.

పాత సైజులోనే మంచి టైర్లు వేయించా. బోల్టులు బిగించే టార్క్ రెంచ్ కొన్నా. ఈ కారుకి చక్రం బోల్టు 120 ఎన్ఎం బిగించాలి. ఆ అంకె దగ్గర రెంచ్ 'టిక్' మంటుంది. కోడ్‌లో టెస్టులన్నీ పచ్చగా వచ్చినప్పటికంటే ఆ 'టిక్' ఎక్కువ తృప్తినిస్తుంది, నిజంగా.

నాన్న మాట

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బస్సు ఆయనది కాదు. రోజుకో బండి ఇచ్చేవాళ్లు. అయినా డ్యూటీ ఎక్కగానే సీటు మీద మడతపెట్టిన టర్కీ టవల్ ఒకటి పరిచేవారు, అద్దం పక్కన చిన్న వెంకటేశ్వరస్వామి పటం పెట్టేవారు. దిగేటప్పుడు రెండూ సంచిలో పెట్టుకుని వచ్చేసేవారు. ఆ ఎనిమిది గంటలూ ఆ బండి ఆయనదే. పర్సనలైజేషన్ అనే మాట ఆయనకి తెలీదు గానీ, నాకు తెలిసిన మొదటి పర్సనలైజేషన్ అదే.

ఎల్ఈడీ బల్బులు పెడదామనుకుంటున్నానని ఫోన్‌లో చెప్తే, "ఎదురొచ్చేవాడి కళ్లు పోతే నీకు రోడ్డు కనపడి ఏం లాభం తల్లీ?" అన్నారు. చదివితే కారణం కూడా దొరికింది. హాలోజెన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారుతుంది. దాంతో వెలుగు రోడ్డు మీద పడాల్సింది పోయి చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. విజయవాడ హైవే మీద రాత్రిపూట వెళ్లినవాళ్లందరికీ ఇది అనుభవమే. అందుకే పసుపెక్కిన హెడ్‌లైట్ గ్లాసు పాలిష్ చేసి, బీమ్ ఎత్తు గోడ మీద గీత గీసి సరిచేశా. ఖర్చు ఆరొందలు.

ఇంజిన్ పవర్ పెంచే రీమ్యాప్ సంగతీ అంతే. ల్యాప్‌టాప్ తగిలిస్తే గంటలో అయిపోతుంది. కానీ ఇంజిన్ ఎక్కువ లాగితే క్లచ్, బ్రేకులు దానికి తగ్గట్టు ఉండాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేస్తే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకో కారణం ఇచ్చినట్టే. నాన్న భాషలో చెప్పాలంటే, "ముందు ఆగడం చూస్కో, పరిగెత్తడం తర్వాత."

అమ్మ వంతు వేరే. సెలవులకి వచ్చినప్పుడు స్టీరింగ్ మీద అరిగిన తోలు చూసి, "ఇదేంటే, పాత చెప్పులా ఉంది" అంది. తోలు కవరు, మైనం పట్టించిన ఎర్ర దారం తెప్పించా. చీర ఫాల్ కుట్టినంత ఓపికగా ఆవిడే కూర్చుని కుట్టింది. మూడు గంటల పని. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న మధ్య భాగం జోలికి మాత్రం పోనివ్వలేదు.

ఆ రాత్రి

ఇప్పుడు అసలు విషయం. కిందటేడాది ఒక రిలీజ్ రాత్రి ఆఫీసు నుంచి బయటపడేసరికి పదకొండున్నర. కారు పక్క సందులో పెట్టా. దగ్గరికెళ్లి రిమోట్ నొక్కా. నాలుగు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. నేను డ్రైవర్ సీట్లో కూర్చునేలోపు వెనక ఎడమ తలుపు తీసుకుని ఒకతను సగం లోపలికి వచ్చేశాడు. నేను అరిచా. "సారీ మేడం, క్యాబ్ అనుకున్నా" అని దిగి వెళ్లిపోయాడు.

అంతే. ఇంకేం జరగలేదు. అతను నిజంగానే పొరబడి ఉండొచ్చు. కానీ ఇంటికొచ్చేదాకా గేరు మీద చెయ్యి వణుకుతూనే ఉంది. పొరబడనివాడు వస్తే?

మా కింది ఫ్లోర్ అంకుల్‌కి తెలిసి, "నల్ల ఫిల్ము వేయించమ్మా, లోపల ఎవరున్నారో తెలీదు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నల్ల ఫిల్ములని సుప్రీంకోర్టు 2012లోనే ఆపేసింది. నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. అయినా నా భయం లోపల ఉన్నది కనపడటం గురించి కాదుగా, తలుపు తెరుచుకోవడం గురించి.

ఆ వారమే అగ్గిపెట్టెంత ఓబీడీ అడాప్టర్ ఒకటి కొన్నా. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో పెడితే బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుస్తుంది. ఫోన్‌లో కారు తన లోపలున్న కంప్యూటర్లన్నిటినీ నంబర్లతో సహా చూపించింది. 09 సెంట్రల్ ఎలక్ట్రిక్స్, 17 మీటర్ క్లస్టర్, ఇలా. ఒక్కోదాంట్లో వరసగా అంకెలు. ఒక్కో బిట్ ఒక్కో సౌకర్యానికి స్విచ్. మా ఆఫీసులో ఫీచర్ ఫ్లాగ్ అంటాం. కోడ్ రాసి ఉంటుంది, ఆన్ చేసేదాకా నిద్రపోతుంటుంది. ఒకే కారుని ఎన్నో దేశాలకి పంపేవాళ్లు ఒక్కో చోట ఒక్కోటి ఆన్ చేస్తారు. నాకు కావాల్సినవి అక్కడే ఉన్నాయి, ఆఫ్‌లో.

పాత విలువలన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. బ్యాటరీ చార్జ్ చూసుకున్నా. ఏబీఎస్ 03, ఎయిర్‌బ్యాగ్ 15, ఈ రెండింటినీ తెరవలేదు, మీరూ తెరవొద్దు. మూడు మార్పులు చేశా. బండి కదిలి కొంచెం వేగం అందుకోగానే తలుపులన్నీ వాటంతటవే లాక్ అవుతాయి. ఇంజిన్ ఆపి లాక్ చేశాక హెడ్‌లైట్లు అరనిమిషం వెలుగుతాయి, సెల్లార్‌లో లిఫ్టు దాకా చీకట్లో నడవక్కర్లేదు. మూడోది, రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది. మిగతావి తెరవాలంటే రెండోసారి నొక్కాలి.

మొత్తం ఇరవై నిమిషాలు. ఆ రాత్రి సెల్లార్‌లో బండి చుట్టూ తిరిగి నాలుగు తలుపులూ లాగి చూశా. నాది తెరుచుకుంది. మిగతా మూడూ తెరుచుకోలేదు.

ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవడానికి ఇందులో ఏమీ లేదు. బయట నుంచి చూస్తే నా కారు షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంది. ఆఫీసు పార్కింగ్‌లో ఫ్రెండ్స్ చుట్టూ తిరిగి చూసి, "ఏడాది నుంచి ఏం మోడిఫై చేశావే బాబూ?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతా. ఇప్పుడు రిలీజ్ ఉన్న రోజుల్లో కూడా క్యాబ్ బుక్ చేయడం లేదు, నా బండిలోనే వస్తున్నా.

మీకు కారుంటే ఒక్క పని చేయండి. గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవర్ కూడా తీయని మాన్యువల్ ఉంటుంది కదా, అది తీసి తలుపుల పేజీ చదవండి. చాలా కార్లలో ఈ సౌకర్యం స్క్రీన్ మెనూలోనే ఉంటుంది, అడాప్టర్ కూడా అక్కర్లేదు. మీ కోసం కాకపోతే, మీ కారు నడిపే చెల్లి కోసమో, అక్క కోసమో చూడండి.

నాకైతే ఇంకో చిన్న పని మిగిలింది. సంక్రాంతికి ఊరెళ్తున్నా. ఈసారి వచ్చేటప్పుడు బండి తను తోలతానన్నారు నాన్న. డ్రైవర్ సీటుకి ఒక టర్కీ టవల్ కొనాలి.