పులి-మేక, ఒక సంతకం

రెండేళ్ళ కిందట నాకో ఐడియా వచ్చింది. నవ్వకండి. ప్రాజెక్టు పని మీద మినియాపొలిస్ వెళ్ళి, మంచు తుఫానుకి ఎయిర్‌పోర్టులో ఇరుక్కుపోయిన రాత్రి. మన పులి-మేక ఆటని ఫోన్‌లోకి తెస్తే? చీకటి పడితే మేకలకి పులులు కనపడకుండా చేస్తే? బోర్డింగ్ పాసు వెనకాల గళ్ళు గీసేశాను.

బొమ్మలు వేయడం నా వల్ల కాదు. ఎమ్మెస్ రోజుల నాటి నా రూమ్మేటు బాగా వేస్తాడు. వాడికి చెప్పాలంటే భయం, ఐడియా బయటికి పొక్కితే? ఇంటర్నెట్‌లో దొరికిన ఎన్‌డీఏ ఒకటి ప్రింటు తీసి, వాడిని భోజనానికి పిలిచి, పప్పు వడ్డించకముందే ముందు పెట్టాను. చదివాడు. సంతకం పెట్టాడు. ఆట గురించి ఒక్క ముక్క అడక్కుండా తినేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేశాడు.

"అన్నానికి పిలిచి సంతకం అడిగితే ఎవరొస్తారండీ?" అంది మా ఆవిడ.

ఈలోగా ఒక లాయరుని కలిశాను. ఆవిడ మొదట అడిగింది ఆట గురించి కాదు, నా ఉద్యోగం అగ్రిమెంటు గురించి. మీరు రాసే కోడ్ మీద కంపెనీకి హక్కుందేమో ముందు చూసుకోండి అంది. ఆ తర్వాత చల్లగా చెప్పింది. ఐడియాకి కాపీరైటు ఉండదు, ఆట రూల్సుకీ ఉండదు. వేసిన బొమ్మకీ, రాసిన కోడ్‌కీ ఉంటుంది. పేరుకి ట్రేడ్‌మార్కు. 2012లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో టెట్రిస్ వాళ్ళు గెలిచింది కూడా రూల్స్ మీద కాదట, ముక్కల రూపం, బోర్డు కొలతలు అచ్చంగా దించేసినందుకట.

పేటెంటో? 2014లో సుప్రీంకోర్టు ఆలిస్ తీర్పు తర్వాత అదీ కష్టమే. మన దేశంలో అయితే పేటెంట్ల చట్టం 3వ సెక్షనే ఆట ఆడే పద్ధతికి పేటెంటు లేదంటుంది.

ఉన్నా ఏమొరిగింది లెండి. లిజీ మాగీ అనే ఆవిడ తన ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌కి 1904లో ఒకసారి, 1924లో ఇంకోసారి పేటెంటు తీసుకుంది. 1935లో పార్కర్ బ్రదర్స్ 500 డాలర్లిచ్చి ఆ హక్కు కొనేసుకుంది. దాన్లోంచి పుట్టిన మోనోపలీ మనందరికీ తెలుసు. ఆవిడ పేరు ఎందరికి తెలుసు?

లేచి వచ్చేస్తుంటే లాయరు ఇంకో మాట చెప్పింది. రాతపూర్వకంగా రాసుకోకపోతే ఆ స్నేహితుడు వేసే బొమ్మలు అతనివే అవుతాయి, మీవి కావు. అంటే అసలు కాగితం అవసరమైంది వాడి వాటా రాయడానికి. నేనేమో వాడి నోరు మూయించే కాగితం పట్టుకెళ్ళాను.

ఆ రాత్రి వాడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఏరా, పులి-మేక గళ్ళు మా ఊరి గుడి అరుగు మీద చెక్కి ఉన్నాయి. వాటి కింద ఎవడి సంతకమూ లేదు, తెలుసా?" అన్నాడు.

పోయిన ఆదివారం వచ్చాడు. ఇద్దరం కూర్చుని ఒక పేజీ రాసుకున్నాం: బొమ్మలు వాడివి, కోడ్ నాది, ఏదైనా వస్తే చెరిసగం. నా అగ్రిమెంటు సంగతి కంపెనీ నుంచి రాతలో తేలాకే మొదటి లైను రాస్తాను.

రెండేళ్ళు దాచుకున్న ఐడియా విని వాడన్నది ఇంతే: "బానే ఉంది. కానీ ముందు చేసి చూపించు."