మంచు కొండకి మా ఇంటి ప్రయాణం

తెలుగులో మంచు అన్న ఒక్క మాటతో ఎన్నో పనులు గడుపుకొస్తాం. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు మీద కురిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. బరంపురంలో మూడు తరాలుగా ఉంటున్న మా కుటుంబానికి తెలిసిన చలి అంటే దారింగిబాడి చలే. శీతాకాలంలో అక్కడ గడ్డి మీద తెల్లటి పొర పేరుకుందని తెలిస్తే చాలు, బండి కట్టించుకుని వెళ్ళి, వేలితో ముట్టుకుని, మురిసిపోయి తిరిగొచ్చేవాళ్ళం. అలాంటి మేము వచ్చే ఫిబ్రవరిలో జపాన్‌లో నిలువెత్తు మంచు పడే కొండలకి, అదీ స్కీయింగు పేరు చెప్పి, బయలుదేరబోతున్నాం. నాలుగు నెలలుగా ఇంట్లో ఇదే చర్చ. ఈ ఏర్పాట్లలో తెలుసుకున్న సంగతులు నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను. దానితో పాటు మా ఇంట్లో తేల్చుకోవలసి వచ్చిన ఒక విషయం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

మా అమ్మాయి, అల్లుడుగారు టోక్యోలో నిషి కసాయ్ అనే పేటలో ఉంటున్నారు. భారతీయులు ఎక్కువగా ఉండే పేట అది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. మనవడికి ఎనిమిదేళ్ళు. రెండు శీతాకాలాలుగా స్కీయింగు నేర్చుకుంటున్నాడు. "తాతయ్యా, నువ్వొచ్చి చూడాలి" అని వాడు ఫోనులో అడగని ఆదివారం లేదు. మా వారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. వయసు అరవై ఎనిమిది. రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంటు వేశారు, మోకాళ్ళు అంతకు ముందే మొరాయించాయి. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. ఇరవై ఏడేళ్ళవాడు. గుల్మార్గ్ వెళ్ళి రెండుసార్లు స్కీయింగు శిక్షణ తీసుకుని వచ్చాడు. ఇలా ఆరుగురం ఆరు రకాలు. అందరికీ ఒకే కొండ సరిపోవాలి.

వెతగ్గా వెతగ్గా హకుబా దగ్గర ఆగాం. నగానో రాష్ట్రంలో, ఉత్తర ఆల్ప్స్ అని వాళ్ళు పిలుచుకునే కొండల పాదాల దగ్గర ఉన్న గ్రామం అది. ఆ లోయ పొడుగునా హకుబా, ఒతారి గ్రామాల్లోనూ, ఒమాచి పట్నంలోనూ కలిపి పది స్కీ కేంద్రాలు ఉన్నాయి. వాటి మధ్య బస్సులు తిరుగుతాయి. దేనికి దానికి టికెట్టు కొనుక్కోవచ్చు, లేదా అన్నిటికీ కలిపి ఒకే పాసు తీసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి అన్నిటి పాసు దండగ. ఒక కొండ వాలు మీద పడి లేవడానికే రోజు సరిపోతుందని అల్లుడుగారు ముందే చెప్పారు.

అసలు అంత మంచు అక్కడే ఎందుకు పడుతుందని మా వారు అడిగారు. శీతాకాలంలో సైబీరియా నుంచి పొడిగా, చల్లగా గాలులు వీస్తాయి. దారిలో జపాన్ సముద్రం నీళ్ళు వాటికంటే వెచ్చగా ఉంటాయి. ఆ నీటి మీదుగా వస్తూ గాలి తేమని పీల్చుకుంటుంది. ఎదురుగా కొండలు తగలగానే పైకి లేచి, ఆ తేమనంతా మంచుగా కురిపించేస్తుంది. మద్రాసులో ఉన్న పాఠకులకి, యానాంలో ఉన్నవారికి ఈ సంగతి కొత్తేమీ కాదు. మన ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీదుగా వచ్చి కార్తీక మాసంలో మనల్ని తడిపేసే పద్ధతే ఇదీ. మనకి వాన, వాళ్ళకి మంచు.

ఇక మా వారి గుండె సంగతి. గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. హకుబా గ్రామం 700 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి ప్రసిద్ధమైన హప్పో వనే స్కీ కొండలో లిఫ్టులు ఆగే పై చివర కూడా సుమారు 1,830 మీటర్లే. ఊపిరి అందకపోవడమన్న భయం అంతగా అక్కర్లేదన్నారు డాక్టరుగారు. చలి విషయంలో మాత్రం గట్టిగా చెప్పారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, గుండెకి పని పెరుగుతుంది. కాబట్టి మంచులో గబగబా నడవకూడదు, బరువులు మొయ్యకూడదు, బయటి చలిలోంచి వచ్చి వెంటనే వేడి నీటి బుగ్గల్లో దిగకూడదు. సామాను మొయ్యకుండా ఉండటానికి అక్కడ తక్కుబిన్ అని ఒక సదుపాయం ఉంది. ఒకటి రెండు రోజులు ముందుగా పెట్టెలు అప్పగిస్తే అవే బసకి చేరతాయి. మనం చేతిసంచీతో రైలెక్కవచ్చు.

ఆయనకి ఒక కోరిక ఉండేది. అదే రాష్ట్రంలో జిగొకుదాని అనే చోట కోతులు వేడి నీటి కొలనులో కూర్చుని, నెత్తి మీద మంచు పడుతుంటే కళ్ళు మూసుకుని సుఖపడుతుంటాయి. ఫొటోల్లో చూసి, ఆ కోతుల్ని చూడాల్సిందేనన్నారు. తీరా వాకబు చేస్తే, బండి దిగాక అడవి దారిలో 1.6 కిలోమీటర్లు నడవాలి. తిరిగి రావడానికి మళ్ళీ అంత. శీతాకాలంలో ఆ దారి గట్టి మంచుతో జారుతుంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, "కోతుల్ని కొట్టెయ్యి" అన్నారు. వాటి బదులు నగానో పట్నంలో జెన్‌కోజి గుడి పెట్టుకున్నాం. పధ్నాలుగు వందల ఏళ్ళ చరిత్ర గల బౌద్ధ ఆలయం. గర్భగుడి కింద కటిక చీకటి దారి ఉంటుంది. గోడ తడుముకుంటూ వెళ్ళి, అక్కడున్న తాళాన్ని తాకితే పుణ్యమట. టోక్యో నుంచి నగానోకి బుల్లెట్ రైలులో గంటన్నర. అక్కడి నుంచి హకుబాకి బస్సులో గంట పైచిలుకు. మధ్యలో గుడి చూసుకుని వెళ్ళవచ్చు.

వీసాకి దరఖాస్తు చేసేటప్పుడు ఏ రోజు ఎక్కడ ఉంటామో తారీఖుల వారీగా పట్టిక రాసివ్వాలి. మా ఇంట్లో అసలైన ప్లాను ఆ కాగితంతోనే కుదిరింది. జపాన్ వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులు, చైనా వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులు తప్పించాం. ఆ రోజుల్లో జనం ఎక్కువ, గదుల అద్దెలూ ఎక్కువ. ఫిబ్రవరి చివర్లో ఆరు రోజులు కొండ దగ్గర ఉందామనుకున్నాం. అందులో స్కీయింగుకి నాలుగు రోజులే వేసి, రెండు రోజులు ఖాళీగా వదిలాను. ఎందుకంటే 1998లో నగానో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు, ఇదే హప్పో వనే కొండ మీద పురుషుల డౌన్‌హిల్ పందెం ఫిబ్రవరి 8న జరగవలసింది. వాతావరణం అనుకూలించక వాయిదాల మీద వాయిదాలు పడి 13న జరిగింది. ప్రపంచమంతా కళ్ళప్పగించి చూస్తున్న పందేన్నే ఆ కొండ అయిదు రోజులు ఆపితే, బరంపురం వాళ్ళ కోసం ఆగదా? అన్నట్టు ఆ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పోటీ చేసింది ఒకే ఒక్కడు. ల్యూజ్ అనే జారుడు బండి పందెంలో పాల్గొన్న శివ కేశవన్. అప్పటికి అతనికి పదహారేళ్ళు.

బట్టల సంగతి మా ఆడవాళ్ళకి ముఖ్యం కదా. స్కీలు, బూట్లు, హెల్మెట్టు, పై కోటు, ప్యాంటు అన్నీ అక్కడ అద్దెకి దొరుకుతాయి. బూట్ల సైజు సెంటీమీటర్లలో చెప్పాలి కాబట్టి పాదాలు కొలుచుకుని వెళ్ళాలి. లోపల వేసుకునే బట్టలు మాత్రం నూలువి పనికిరావు. చెమటకి తడిసిన నూలు బట్ట ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. ఉన్నివి గానీ, తొందరగా ఆరేవి గానీ కావాలి. పెళ్ళయ్యాక చీర తప్ప కట్టని నేను ప్యాంటు తొడుక్కోబోతున్నాను. బరంపురం పట్టు మంచులో జారడానికి పనికిరాదు మరి.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్త పడాలి. పైకి కూరగాయల పులుసులా కనిపించేవాటిలో కూడా దాషి అనే చేప రసం కలుస్తుంది. అందుకని వంటగది ఉన్న బస తీసుకున్నాం. తాజా పళ్ళు, ఆకులు ఇక్కడి నుంచి పట్టుకెళితే సరైన ధ్రువపత్రం లేనిదే అక్కడి విమానాశ్రయంలో వదలరు. కరివేపాకు అమ్మాయే టోక్యో నుంచి తెస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. స్కీ కేంద్రాలలో చదును చేసిన వాలులకి హద్దుగా తాళ్ళు కట్టి ఉంటాయి. మా అబ్బాయి మొదటి నుంచీ ఒకటే మాట. "అమ్మా, తాడుకి ఇవతలున్నది జనం తొక్కేసిన మంచు. అసలు మంచు తాడుకి అవతలే ఉంటుంది. అంత దూరం వెళ్ళేది దానికోసమే."

నేను ప్రయాణ బీమా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మేము చూసిన పాలసీల్లో కొన్నిటికి స్కీయింగే వర్తించదు. కొన్నిటికి వర్తిస్తుంది గానీ హద్దులు దాటితే చెల్లదు. దాటి తప్పిపోయినవాణ్ణి వెతికి తెచ్చే ఖర్చు కూడా అతని మీదే పడవచ్చు. డబ్బు మాట అటుంచి, కొత్తగా పడ్డ మంచు పాత పొర మీద అతుక్కోకుండా ఉన్నప్పుడు ఒక మనిషి బరువుకే చరియ మొత్తం విరిగి జారుతుంది. కూరుకుపోయినవారిని మొదటి పావుగంటలో బయటికి తీస్తేనే ఎక్కువ ఆశ. హద్దు లోపల కాపలా సిబ్బంది చూసి, ప్రమాదమనిపిస్తే వాలు మూసేస్తారు. అవతల చూసేవారు ఉండరు. 2023 జనవరి 29న ఒతారి గ్రామం పరిధిలో, హకుబా నోరికురా కొండ మీద మంచు చరియ విరిగిపడి ఇద్దరు విదేశీ స్కీయర్లు చనిపోయారు. వారిలో కైల్ స్మెయిన్ 2015లో హాఫ్‌పైప్ స్కీయింగులో ప్రపంచ ఛాంపియన్. ఇది చదివి వినిపించాను. "వేలమంది వెళుతున్నారమ్మా, నువ్వు ఆ ఇద్దరినే చూస్తున్నావు" అన్నాడు. తల్లిని కదా, ఇంకెవరిని చూస్తాను?

అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మా వారు ఫోను తీసుకున్నారు. "బాబూ, సిగ్నలు ఎర్రగా ఉంటే డ్రైవరు ఎంత పాతకాపైనా బండి ఆపాల్సిందే. ముందు ఏముందో అతనికి కనపడదు. నాకు డాక్టరు వేశాడు సిగ్నలు. కోతుల్ని వదులుకున్నాను. నువ్వు తాడవతల మంచుని వదులుకో" అన్నారు. అవతల నుంచి సమాధానం లేదు. కాసేపటికి "సరే నాన్నా, ఉంటాను" అని పెట్టేశాడు.

నాలుగు రోజులకి తనే ఫోను చేశాడు. ఆ లోయలోనే కోర్టినా అనే కేంద్రంలో, హద్దు లోపలే చదును చెయ్యకుండా వదిలిన మంచు ఉంటుందట. ఒక రోజు అక్కడికి వెళతానన్నాడు. తాడు దాటనన్నాడు. "ఈసారికి" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాటలో వచ్చేసారి ఉందని నాకు తెలుసు. ఆ వచ్చేసారి లోపల మంచు చరియల గురించి సరైన శిక్షణ తీసుకోమనీ, తెలిసిన గైడు లేనిదే అడుగు పెట్టవద్దనీ చెప్పాను. దానికి ఒప్పుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ కొడుకు దగ్గర అంతకు మించిన మాట తీసుకోలేమని అమ్మలందరికీ తెలిసిందే.

కుటుంబమంతా కొండకి వెళ్ళేటప్పుడు అందరికంటే బలహీనంగా ఉన్న మోకాళ్ళతో లెక్క మొదలుపెట్టాలని నాకనిపించింది. బలమైనవారు వారికోసం కొంత తగ్గడం నేర్చుకుంటారు. తగ్గింది ఒక్కరే కాదని తెలిస్తే ఎవరికీ అవమానంగా ఉండదు.

మొదటి రోజుకి త్సుగాయికె అనే కేంద్రం రాసుకున్నాం. కింద విశాలమైన, మెల్లటి వాలు ఉంటుంది. కొత్తవారికి, పిల్లలకి అనువైనది. మా వారు వెచ్చని చోట కూర్చుని మనవణ్ణి చూస్తారు. నేను ఒక పూట పాఠం తీసుకుంటాను. జారుతూ ఆగాలంటే స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టాలి. జపాన్‌లో పిల్లలకి దీన్ని వాళ్ళ 'హ' అక్షరంలాగా పెట్టమని నేర్పుతారు. రెండు గీతలు పైన దగ్గరగా, కింద ఎడంగా ఉండే అక్షరం అది. మనవడు ఫోనులో అదే గీసి చూపించాడు. "మన 'గ' కూడా అలాగే ఉంటుందిరా, తలకట్టు తీసేస్తే" అన్నాను. ఇంతకాలం పలక పట్టమంటే పారిపోయినవాడు వెంటనే 'గ' రాసి పంపాడు. తలకట్టు కూడా పెట్టాడు.