పొట్ట మీది మచ్చలు

పదో తరగతి పిల్లల వివరాలు పంపేటప్పుడు గుర్తింపు చిహ్నాలని ఒక గడి ఉంటుంది. రెండు పుట్టుమచ్చలు రాయాలి. చాలా బళ్లలో ఆ గడి నింపడానికి మాస్టార్లు పిల్లల మెడలూ మోచేతులూ తిప్పి చూస్తారు. మా ఆశ్రమ పాఠశాలలో అంత వెతుకులాట ఉండదు. "పొట్ట మీద కాలిన మచ్చ" అని వరసగా రాసుకుంటూ పోవచ్చు. నా సర్టిఫికెట్లోనూ అదే ఉంది. బొడ్డు చుట్టూ నాలుగు వాతలు. పుట్టుకతో వచ్చినవి కాకపోయినా కాగితం మీద అవే నా పుట్టుమచ్చలు.

నేను కోయవాణ్ణి, జీవశాస్త్రం చెబుతాను. నాకు ఆరు నెలలప్పుడు డొక్కలు ఎగరేశాయట. వాగు నిండుగా పారుతోంది, దాటే దారి లేదు. ఊళ్లో వడ్డె కొడవలి కొన ఎర్రగా కాల్చి వాతలు పెట్టాడు. అమ్మను ఎప్పుడడిగినా ఒకటే మాట: "పెట్టియ్యక ఏం జెయ్యమంటవు బిడ్డా? ఊకె చూస్కుంట కూసోవాల్నా?" ఈ ప్రశ్నకు జవాబు లేకుండా వాతల గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

ఆ మచ్చల గురించి నేను చదవడం మొదలుపెట్టింది నా నడుం నొప్పి వల్ల. ప్రకృతి వైద్యం, ఆక్యుపంక్చర్ తెలిసిన ఒకాయన నా పొట్ట చూసి, "నీ నొప్పికి మూలం ఈ మచ్చలే, శక్తి ప్రవాహాన్ని ఇవి అడ్డుకుంటున్నాయి" అన్నాడు. ఈ మాటకు ఒక చరిత్ర ఉంది. జర్మనీలో ఫెర్డినాండ్ హునెకె అనే వైద్యుడు 1940లో ఒకావిడ కాలి మీద పాత ఎముక జబ్బు వదిలిన మచ్చకు ప్రొకైన్ అనే మత్తుమందు సూది వేస్తే, ఎంతకీ తగ్గని ఆమె భుజం నొప్పి అక్కడికక్కడే పోయిందట. అప్పటినుంచి, మచ్చ ఒకచోట ఉండి ఇంకోచోట రోగం పుట్టిస్తుందని ఆ మార్గం వాళ్లు నమ్ముతారు. చీనా వైద్యం వాళ్లు నాడీమార్గం మీద మచ్చ పడితే అక్కడ ప్రాణశక్తి నిలిచిపోతుందంటారు. వినడానికి బాగుంటుంది. కానీ వీటికి గట్టి రుజువులు లేవు. ఒక మనిషికి తగ్గిన నొప్పి మీద శాస్త్రం నిలబడదు. నా నడుం నొప్పి, కుర్చీ మార్చి రోజూ వాగుదాకా నడవడం మొదలుపెట్టాక తగ్గింది. మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అలాగని మచ్చ వట్టి గుర్తు మాత్రమే అనుకోకూడదు. గాయం మానినచోట ఒళ్లు కొల్లాజెన్ పోగులతో అతుకు వేస్తుంది. ఆ అతుకు ఏడాదికి పైగా మారుతూనే ఉంటుంది, అయినా పాత చర్మం బలంలో దాదాపు 80 శాతం దగ్గరే ఆగిపోతుంది. లోతుగా కాలినచోట వెంట్రుక మొలవదు, చెమట పట్టదు. మన నల్లని ఒంటిమీద కొన్ని మచ్చలు గాయం హద్దు దాటి గడ్డలా పెరుగుతాయి, వాటిని కీలాయిడ్లంటారు. దురద, సలుపు. కీలు మీద కాలితే మచ్చ కుంచించుకుపోయి ఆ కీలును లాగేస్తుంది. ఏళ్ల తరబడి మానకుండా పుండుపడే పాత కాలిన మచ్చ అరుదుగా కేన్సర్‌గా కూడా మారవచ్చు, అలాంటిది కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

ఇక వాత సంగతి. దానివల్ల నొప్పి కాసేపు తగ్గినట్టుండటం అబద్ధం కాదు. ఒకచోట గట్టిగా తగిలే దెబ్బ ఇంకోచోటి నొప్పిని మరిపిస్తుంది. వెన్నుపాములో నొప్పికి తలుపుల్లాంటివి ఉంటాయని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పారు. కానీ న్యుమోనియా ఆ తలుపు దగ్గర ఆగేది కాదు. పసిబిడ్డ లేత చర్మం తెరుచుకుని చీము పడుతుంది, పైగా ఆస్పత్రికి పోవాల్సిన రెండు రోజులు గడిచిపోతాయి. వాత పెట్టాక బతికిన బిడ్డ ఊరంతా తిరుగుతూ కనిపిస్తాడు, నాలాగ. బతకని బిడ్డ మచ్చ మట్టిలో కలిసిపోతుంది, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

ఇది అడవివాళ్ల మూఢత్వం అనేవాళ్లకు ఒక మాట. కాల్చి వైద్యం చేయడం సుశ్రుత సంహితలోనూ ఉంది, అగ్నికర్మ అంటారు. అయితే పసిపిల్లలకూ ముసలివాళ్లకూ బలహీనులకూ చేయొద్దని ఆ గ్రంథమే చెబుతుంది. మా వడ్డెలతో మాట్లాడేటప్పుడు నేను ఈ మాటే ముందు పెడతాను. గద్దించినట్టు ఉండదు, వింటారు.

మచ్చ ఆరోగ్యాన్ని పాడుచేసే ఇంకో దారి ఉంది, అది ఏ వైద్య పుస్తకంలోనూ నాకు కనపడలేదు. మా చెల్లె తన బిడ్డను జ్వరంతో ఒక ఆస్పత్రికి తీసుకుపోతే, చొక్కా ఎత్తిన నర్సు వాతలు చూసి వార్డంతా వినేలా తిట్టింది. "మీరు మనుషులేనా?" అంది. బిడ్డకు జ్వరం తగ్గింది. కానీ తర్వాత రెండేళ్లు మా చెల్లె ఆ గుమ్మం తొక్కలేదు, మూడో నెలలో వేయాల్సిన టీకాలు కూడా వేయించలేదు. ఆమె చెప్పింది విని ఆ వాడలో ఇంకో నలుగురూ పోలేదు.

అందుకే బడిలో పిల్లలకు వాతల గురించి చెప్పేటప్పుడు అమ్మల గురించి మాట్లాడను, ఊపిరి లెక్కపెట్టడం నేర్పుతాను. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా, డొక్కలు లోపలికి పోతున్నా వెంటనే ఆశా కార్యకర్తను పిలవాలి. ఎనిమిదో తరగతి పిల్ల ఇంటికి పోయి తమ్ముడి ఊపిరి లెక్కపెట్టగలదు. వాగు పొంగిన రోజున వాళ్లమ్మకు ఆ లెక్క అయినా చేతిలో ఉంటుంది, 108కు ముందుగా ఫోన్ చేయొచ్చు.

మా దగ్గర ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. రెండేళ్ల వయసులో చలికాలం నెగడులో పడి కుడి మోచెయ్యి ముడుచుకుపోయింది. ఎడమ చేత్తో రాస్తుంది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించాం. డాక్టరు చెప్పిందేమంటే, కత్తి పని సగమే, రోజూ చెయ్యి చాపించకపోతే మచ్చ మళ్లీ లాగేస్తుందని. పుండు పూర్తిగా మానాక రోజూ రెండుపూటలా నూనె రాసి మెల్లగా మర్దన చేయమన్నారు. వాళ్లమ్మ ఇప్పనూనె తెచ్చి హాస్టల్లో ఇచ్చిపోయింది. వంటమనిషి రాస్తుంది, తోటి పిల్లలు వంతులవారీగా చెయ్యి పట్టి చాపిస్తారు. ఇప్పటికి గోడ మీద పెన్సిల్‌తో గీసిన మూడో గీత అందుతోంది, పై గీతకింకా జానెడు ఉంది.