ప్రియదర్శిని పెట్టె

'మాయాబజార్' చూడని తెలుగువారు అరుదు కనుక కథ చెప్పను. అందులోని ఒక పెట్టెను గురించి మాత్రం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ప్రియదర్శిని! తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనదేదో అది కనిపించే పెట్టె. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. ఎక్కడివారక్కడే ఉండి ఇద్దరూ యుగళగీతం పాడుకుంటారు. ఆ ఘట్టం చూసి మా ఇంటి పిల్లలు "ఓస్, ల్యాప్‌టాప్‌లో వీడియో కాలే కదా" అని తేల్చేశారు.

ఆ చిత్రం విడుదలైంది 1957 మార్చి 27న. అప్పటికి మన దేశంలో టెలివిజనే లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రసారాలు మొదలైంది 1959లో. హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది 1977లో. రచయిత పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగి, అక్కడి జాతీయ కళాశాలలో యంత్రవిద్య అభ్యసించినవారు. పెట్టెకు ఇవతల కూర్చున్న సావిత్రిది బెజవాడకు ఏటి అవతలి చిర్రావూరు. లోపల కనిపించే అక్కినేని, ఆయనకు గొంతునిచ్చిన ఘంటసాల ఇద్దరూ గుడివాడ ప్రాంతంవారు. మా కృష్ణ నీళ్ళలో ఏదో ఉందని కాస్త గర్వపడితే మీరు మన్నించాలి. (పుష్పక విమానంతోపాటు దీన్ని కూడా మన ప్రాచీన విజ్ఞానం పద్దులో రాసేవారికి ఒక మనవి: వ్యాసభారతంలో శశిరేఖే లేదు. ఈ పెట్టె విజయావారిది.)

అయితే పిల్లలు తేల్చినంత సులువుగా నేను తేల్చలేకపోతున్నాను. మన చేతిలోని ఫోను, అవతలివారు ఎత్తితేనే వారిని చూపుతుంది. ప్రియదర్శినికి అవతలివారి అనుమతితో పని లేదు. ఇవతలివారి మనసును మాత్రం నలుగురిలో బయట పెట్టేస్తుంది. బలరాముడు చూస్తే దుర్యోధనుడు కనిపిస్తాడు, కృష్ణుడు చూస్తే శకుని! పింగళివారి చమత్కారమంతా అక్కడే ఉంది. ఆ పెట్టె ముందు అబద్ధం చెల్లదు.

ఫోను ముందు చెల్లుతుంది. పామర్రు దగ్గరి మా ఊళ్ళో అమ్మ రోజూ ఉదయం ఏడింటికి న్యూజెర్సీలో ఉన్న అక్కతో మాట్లాడుతుంది. అంతకు ముందే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, వాచిన పాదాలు కనబడకుండా ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకుంటుంది. "నాకేమే, దుక్కలా ఉన్నాను" అంటుంది. మా వీధిలో ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఇదే వేళకు ఇదే మాట వినిపిస్తుంది. మీలో సముద్రాలకు అవతల ఉన్నవారికి ఈ సంగతి చెప్పడం భావ్యమో కాదో తెలియదు... చెప్పేశాను.

2021 మే నెలలో నాన్నగారు పోయినప్పుడు అక్క రాలేకపోయింది. కాలువ గట్టున ఉన్న శ్మశానంలో మా చిన్నాన్న కొడుకు ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. చితి దగ్గర నేను వెనక్కి తిరిగి చూసేసరికి తెర మీద అక్క ముఖం, నోరు కొద్దిగా తెరుచుకుని, అలాగే ఆగిపోయి ఉంది. మళ్ళీ కలిసేటప్పటికి అంతా అయిపోయింది.

మొన్న సంక్రాంతికి టీవీలో 'మాయాబజార్' వచ్చింది. మర్నాడు ఉదయం అమ్మ అక్కతో మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, "అమ్మాయీ, ఆ పెట్టె నిజంగా ఉండి నేను తెరిస్తే మీ నాన్నగారు కనిపిస్తారంటావా? బతికున్నవాళ్ళే కనిపిస్తారా?" అని అడిగింది.

అక్క కదలలేదు. సిగ్నలు పోయిందేమోనని నేను ఫోను అందుకోబోయాను. పోలేదు. అక్క వెనుక గోడగడియారంలో ముల్లు తిరుగుతూనే ఉంది.

కాసేపటికి అక్క, అక్కడ మంచు బాగా కురుస్తోందని, రేపు పిల్లలకు బడి ఉండకపోవచ్చని చెప్పింది. స్వెట్టర్లు వేస్తున్నావా అని అమ్మ అడిగింది.